టెక్సస్ స్కూల్ రేటింగ్ సరిగ్గా చదవడం ఎలా?

డాలస్ శివార్లలో ఇల్లు చూస్తున్నప్పుడు "అక్కడ స్కూళ్లన్నీ ఎ రేటింగ్ అంట" అన్న ఒక్క మాట మీద 30 ఏళ్ల అప్పుకి సంతకం పెట్టేవాళ్లు చాలామంది. ఆ 'ఎ' ఎవరిచ్చారు, ఏ ఏడాదిది, స్కూల్‌కా, లేక ఆ ప్రాంతం స్కూళ్లన్నిటినీ నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కా అని అడిగితే జవాబు ఉండదు. స్కూళ్లకి ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలిచ్చే రాష్ట్ర సంస్థ టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ (టీఈఏ) ఈ లెక్కలన్నీ బయటే పెట్టింది. కూర్చుంటే గంటన్నర పని.

1. కావలసినవి

ఇంటి పూర్తి అడ్రసు, ల్యాప్‌టాప్, ఒక కాగితం. ఫోన్‌లో చూడొద్దు, పట్టికల్లో సగం నిలువు వరుసలు కనబడవు. టీఈఏ వాళ్ల 'టీఎక్స్ స్కూల్స్ డాట్ గవ్' సైటు తెరిచి పెట్టుకోండి.

ఇళ్లు అమ్మే సైట్లలో ఇంటి పక్కన కనిపించే '10కి 9' రాష్ట్రం ఇచ్చింది కాదు, గ్రేట్‌స్కూల్స్ అనే ప్రైవేటు సంస్థది. 'ఎ ప్లస్' అని ఎక్కడైనా కనిపిస్తే అది నిచ్ లాంటి సైట్లది, ఎందుకంటే రాష్ట్రం రేటింగులో ప్లస్, మైనస్ అసలు లేవు. డిస్ట్రిక్ట్ డబ్బు నిర్వహణకి రాష్ట్రమే ఇచ్చే 'స్కూల్స్ ఫస్ట్' రేటింగ్ కూడా అక్షరాల్లోనే ఉంటుంది, దానికీ చదువుకీ సంబంధం లేదు. ఈ మూడింటినీ పక్కన పెట్టండి.

2. అడ్రసు ఏ డిస్ట్రిక్ట్‌లో ఉందో తేల్చుకోండి

ఊరి పేరు చూసి డిస్ట్రిక్ట్ అనుకోవద్దు. ఫ్రిస్కో ఊళ్లో కొంత భాగం ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ డిస్ట్రిక్టుల్లోకి పోతుంది. ప్లేనో, మెకిన్నీ అడ్రసు ఉన్న ఇళ్లు కొన్ని ఫ్రిస్కో డిస్ట్రిక్ట్‌లో ఉంటాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఇర్వింగ్‌లో ఒక వీధి కాపెల్ డిస్ట్రిక్ట్‌ది అయితే, దగ్గర్లోని ఇంకో వీధి కారల్టన్–ఫార్మర్స్ బ్రాంచ్‌ది కావచ్చు. ఇళ్లకి పన్ను విలువ కట్టే ఆఫీసు, అంటే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటులో అడ్రసు కొడితే ఆ ఇల్లు ఏ డిస్ట్రిక్ట్‌కి పన్ను కడుతుందో వస్తుంది. ఏజెంట్ మాట కన్నా పన్ను కాగితమే నమ్మకం.

ఆ తర్వాత స్కూల్ డిస్ట్రిక్ట్ సైటులో అటెండెన్స్ జోన్ (ఏ ఇంటి పిల్లలు ఏ స్కూల్‌కి వెళ్లాలో చూపే మ్యాపు) చూసి ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడింటి పేర్లూ రాసుకోండి. వచ్చే ఏడాది మ్యాపు కూడా అడగండి. పిల్లల సంఖ్య తగ్గి ప్లేనో, ఫ్రిస్కో, కాపెల్ డిస్ట్రిక్టుల్లో 2024–25 తర్వాత కొన్ని స్కూళ్లు మూతపడ్డాయి, దాంతో జోన్లు మారాయి.

3. డిస్ట్రిక్ట్ అక్షరం దగ్గర ఆగిపోవద్దు

2023 రేటింగుల నుంచి డిస్ట్రిక్ట్ మార్కు అంటే, దాని స్కూళ్ల మార్కులని 3 నుంచి 12 తరగతుల పిల్లల సంఖ్యని బట్టి కలిపిన సగటు. పైగా డిస్ట్రిక్ట్‌లో ఒక్క స్కూల్‌కి డి గానీ ఎఫ్ గానీ వచ్చినా డిస్ట్రిక్ట్‌ని 89 దగ్గర ఆపేస్తారు, ఎ ఇవ్వరు. కాబట్టి బి డిస్ట్రిక్ట్‌లో మీ పిల్లలు వెళ్లే మూడు స్కూళ్లూ ఎ కావచ్చు. డిస్ట్రిక్ట్ ఎ అయినా మీ మిడిల్ స్కూల్ సి కావచ్చు. మీరు రాసుకున్న మూడు పేర్లనీ విడివిడిగా తెరవండి.

రాష్ట్రం పెట్టే స్టార్ (STAAR) పరీక్షలు 3వ తరగతి నుంచే మొదలవుతాయి. 2వ తరగతి వరకే ఉన్న స్కూల్‌కి మరో స్కూల్ రేటింగునే జత చేస్తారు. ఆ అక్షరం ఆ స్కూల్ సొంతం కాదు.

4. మార్కుని విప్పి చూడండి

అందరూ తప్పేది ఇక్కడే, అందుకని నెమ్మదిగా చదవండి.

90 నుంచి ఎ, 80 నుంచి బి, 70 నుంచి సి, 60 నుంచి డి, ఆ కింద ఎఫ్. ఈ మొత్తం మార్కు మూడు భాగాల నుంచి వస్తుంది: విద్యార్థుల ప్రతిభ (స్టూడెంట్ అచీవ్‌మెంట్), పురోగతి (స్కూల్ ప్రోగ్రెస్), వేర్వేరు వర్గాల పిల్లల మధ్య అంతరాల తగ్గింపు (క్లోజింగ్ ద గ్యాప్స్). కానీ మూడూ కలవవు. ప్రతిభ, పురోగతి రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే 70 శాతం, మిగతా 30 శాతం అంతరాల తగ్గింపుకి. తక్కువ వచ్చినది లెక్కలోంచే పోతుంది.

రెండు ఊహా స్కూళ్లు తీసుకోండి. మొదటిదానికి ప్రతిభ 78, పురోగతి 92, అంతరాలు 86. 92లో 70 శాతం 64.4, 86లో 30 శాతం 25.8, మొత్తం 90.2, అంటే ఎ. రెండోదానికి ప్రతిభ 90, పురోగతి 84, అంతరాలు 84. 63కి 25.2 కలిపితే 88.2, అంటే బి. పరీక్షల్లో 12 మార్కులు ముందున్న స్కూల్ బి, వెనకున్నది ఎ. ఇందులో మోసమేమీ లేదు. మొదటి స్కూల్ పిల్లల్ని ఎక్కువ ముందుకి తీసుకెళ్లింది, అదీ గొప్పే. కానీ మీరు వెతికేది ఏదో మీకు తెలిసుండాలి, అందుకని మూడు భాగాల మార్కులూ కాగితం మీద విడిగా రాయండి. మొత్తం మార్కుని చివర్న రాయండి.

పురోగతిలో మళ్లీ రెండు ముక్కలున్నాయి, వాటిలోనూ ఎక్కువ వచ్చిందే తీసుకుంటారు. ఒకటి, పిల్లవాడు పోయిన ఏడాది కంటే ఎంత ముందుకెళ్లాడన్నది. రెండోది, పేద కుటుంబాల పిల్లల శాతం దాదాపు సమానంగా ఉన్న స్కూళ్లతో పోలిక. ఈ రెండోదాంట్లో డబ్బున్న శివారు స్కూల్‌కి పోటీ సాటి శివారు స్కూళ్లతోనే, కాబట్టి మార్కు అంత తేలిగ్గా రాదు. అది చూసి 'స్కూల్ పడిపోయింది' అనుకోవద్దు.

ప్రతిభలో ఎలిమెంటరీకి, మిడిల్‌కి స్టార్ ఒక్కటే. హైస్కూల్‌కి స్టార్ 40 శాతం, కాలేజీకో ఉద్యోగానికో సిద్ధమయ్యారా అన్నది 40, గ్రాడ్యుయేషన్ 20. స్టార్ ముడి మార్కు, మూడు స్థాయిలు అందుకున్న పిల్లల శాతాల సగటు: అప్రోచెస్ (కనీస స్థాయి) 85, మీట్స్ (తరగతికి తగ్గ స్థాయి) 60, మాస్టర్స్ (అన్నిటికన్నా పై స్థాయి) 35 అయితే 60. ఈ 60ని చూసి డి అనుకుని కంగారుపడేవాళ్లున్నారు. అది స్కేలుకి మార్చకముందు అంకె, అక్షరంతో పోల్చకూడదు. 'స్కేల్డ్ స్కోర్' అన్నదే చూడండి.

5. మాస్టర్స్ శాతం చూడండి

టీఈఏ సైటులోనే టాపర్ అనే వార్షిక నివేదిక ఉంటుంది. అందులో మీ స్కూల్‌లో 5వ లేదా 8వ తరగతి లెక్కల్లో మాస్టర్స్ శాతం రాసుకోండి. అప్రోచెస్ చూడటం దండగ, శివార్లలో చాలా స్కూళ్లకి అది పైనే ఉంటుంది, తేడా తెలియదు. 8వ తరగతి లెక్కలు చూసేటప్పుడు ఒక మెలిక: బాగా చదివే పిల్లలు అప్పటికే ఆల్జీబ్రా 1 పరీక్ష రాస్తుంటారు, కాబట్టి మామూలు 8వ తరగతి శాతం తక్కువగా కనిపిస్తుంది. రెండు వరుసలూ కలిపి చదవాలి. పిల్లలు కొద్దిమందే ఉన్న చోట అంకె బదులు నక్షత్రం గుర్తు (*) ఉంటుంది, అది సున్నా కాదు. టీచర్ల అనుభవం అక్కడే ఉంటుంది, ఎంతమంది టీచర్లు మానేస్తున్నారన్నది డిస్ట్రిక్ట్ టాపర్ నివేదికలో ఉంటుంది. ఇవి చూడకుండా నిర్ణయం తీసుకోకూడదు.

6. ఏడాదులు పోల్చడం

2020, 2021కి కోవిడ్ వల్ల రేటింగులు లేవు. 2022లో డి, ఎఫ్ ఇవ్వలేదు, 'రేటింగ్ లేదు' అని రాశారు. 2023కి లెక్కే మార్చారు: హైస్కూల్ పిల్లలు కాలేజీకో ఉద్యోగానికో సిద్ధమయ్యారా అన్న లెక్కలో ఎకి హద్దు 60 నుంచి 88కి పెంచారు. డిస్ట్రిక్టులు కోర్టుకెళ్లడంతో ఆ 2023 రేటింగులు 2025 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. 2024వి, 2025వి కలిపి 2025 ఆగస్టు 15న ఇచ్చారు. కాబట్టి 2022లో ఎ, 2023లో బి అని కనిపిస్తే స్కూల్ దిగజారిందని చెప్పలేం. 2023, 2024, 2025 మూడూ పక్కపక్కన పెట్టి, మొత్తం మార్కు కాకుండా ప్రతిభ మార్కు ఎటు పోతుందో చూడండి. మూడేళ్లూ వరసగా కిందికే వస్తుంటే, అక్షరం ఇంకా ఎ ఉన్నా సరే, కారణమేంటని ప్రిన్సిపల్‌ని అడగండి. జోన్ మారి కొత్త పిల్లలు వచ్చారా, టీచర్లు వెళ్లిపోయారా అన్నది వాళ్లకే తెలుస్తుంది.