అష్టమికి బడికి, అమావాస్యకి కొండకి: ఊరి ఆస్ట్రానమీ క్లబ్ కార్యక్రమాలు ఎలా నడపాలి

మీ ఊళ్లో నలుగురైదుగురు కలిసి ఆస్ట్రానమీ క్లబ్ పెట్టుకున్నారనుకోండి. ఒకరి దగ్గర ఎనిమిదంగుళాల అద్దం ఉన్న, చేత్తో తిప్పే డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంది, ఇంకొకరి దగ్గర బైనాక్యులర్స్ ఉన్నాయి, ఊరందరికీ ఆకాశం చూపించాలని అందరికీ ఉబలాటంగా ఉంది. ఎప్పుడు పెడదాం అనగానే ఎవరో ఒకరు ఆదివారం అంటారు. వారం సంగతి తర్వాత, ముందు తిథి చూడండి. గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్లో ప్రతి గడిలో తిథి రాసి ఉంటుంది, మన పనికి అంతకంటే మంచి ప్లానింగ్ చార్ట్ లేదు.

శుద్ధ సప్తమి నుంచి దశమి దాకా ఉండే సాయంత్రాలు జనాన్ని పిలవడానికి. చీకటి పడేసరికే చంద్రుడు బాగా పైన ఉంటాడు. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి గుంటల అంచులు, కొండల నీడలు చెక్కినట్టు కనిపిస్తాయి. పౌర్ణమికి పెడితే ఇంకా బాగుంటుందని చాలామంది అనుకుంటారు గానీ ఆ రోజు సూర్యుడి వెలుగు మనవైపు నుంచి ఎదురుగా పడుతుంది కాబట్టి నీడలే ఉండవు, టెలిస్కోపులో కళ్లు జిగేలుమనడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఇక అమావాస్యకి అటూ ఇటూ ఉన్న రోజులు క్లబ్ సభ్యులు ఊరు దాటి చీకట్లోకి వెళ్లడానికి. ఈ రెండింటినీ కలపొద్దని గట్టిగా చెబుతాను. మొదటిసారి చూసేవాళ్లని కొండ మీదకి తీసుకెళ్లి ఆండ్రోమెడా గెలాక్సీ చూపిస్తే వాళ్లకి కనబడేది మసక మరక, "ఇంతేనా" అని వెనక్కి తిరుగుతారు. అదే మనిషికి అష్టమి చంద్రుణ్ణి చూపించండి, నోటి వెంట మాట రావడానికి కాస్త టైమ్ పడుతుంది.

ఊరి జనాన్ని పిలిచే ఓపెన్ డేకి బడి గ్రౌండ్ కంటే మంచి చోటు దొరకదు. హెడ్‌మాస్టర్ అనుమతి ఎలాగూ తీసుకుంటారు, దాంతోపాటు అక్కడి లైట్ల స్విచ్‌బోర్డు ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుందో కూడా కనుక్కోండి. వాచ్‌మన్ నంబరు మీ ఫోన్లో లేకపోతే సరిగ్గా ఏడు గంటలకి గ్రౌండ్ మధ్యలో ఫ్లడ్‌లైట్ వెలుగుతుంది, ఆర్పేవాడు దొరకడు. పొద్దుగూకక ముందే టెలిస్కోపులు బిగించుకుని, గురి చూసే చిన్న దుర్భిణి అయిన ఫైండర్‌ని దూరంగా ఉన్న సెల్ టవర్ మీద సరిచూసుకుని సిద్ధంగా ఉండండి. చీకట్లో జనం మీద పడుతుంటే ఆ పని జరగదు. ఎనిమిదిన్నరకల్లా ముగించండి, ఆడపిల్లల్ని తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు బయట ఎదురుచూస్తుంటారు.

ఒక చిన్న లెక్క చేసుకోండి. రెండొందల మంది వచ్చి, మనిషికి అర నిమిషం చొప్పున ఒకే టెలిస్కోపులో చూస్తే వంద నిమిషాలు పడుతుంది, అది కూడా ఎవరూ తడబడకపోతే. అందుకే కనీసం రెండు టెలిస్కోపులు, రెండు వరుసలు ఉండాలి. ఒక దాంట్లో రాత్రంతా చంద్రుడే, రెండో దాంట్లో గురుడో శనో, ఆ రోజు ఏది పైన ఉంటే అది. మధ్యలో ఎవరో పెద్దమనిషి వచ్చి "మాకు ఇంకేదైనా చూపించండి" అంటే మర్యాదగా చివరిదాకా ఆగమని చెప్పండి, గురి మార్చారంటే వెనకున్న వరుసంతా ఆగిపోతుంది. వరుసలో నిలబడ్డవాళ్లని మాత్రం ఖాళీగా ఉంచకండి. ఒక సభ్యుడి పని అదే: చేత్తో చూపిస్తూ ఇది సప్తర్షి మండలం, అదిగో అక్కడ ధ్రువుడు అని చెబుతూ ఉండాలి. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో ఉంటుందో అదే మన అక్షాంశం, హైదరాబాద్‌లో పదిహేడు డిగ్రీల పైచిలుకు, మా కడపలో పద్నాలుగున్నర. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు, కాబట్టి పిల్లలే కొలుచుకోవచ్చు.

ఇప్పుడు ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే కటకం, దగ్గరికి వద్దాం, ఎందుకంటే కార్యక్రమం బాగా జరిగిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. వచ్చిన ప్రతి పిల్లాడూ ముందు చేసే పని ఐపీస్‌ని రెండు చేతులతో పట్టుకోవడం. గొట్టం కదిలిపోతుంది, చంద్రుడు మాయం. "చేతులు వెనక్కి కట్టుకో నాన్నా, కన్ను ఒక్కటే దగ్గర పెట్టు" అని ప్రతిసారీ, విసుగు లేకుండా, అదే గొంతుతో చెప్పాలి. రెండో కన్ను మూయడం రాని పిల్లలు చాలామంది ఉంటారు, అరచేత్తో కప్పుకోమనండి. పొట్టిపిల్లలకి ఊగని స్టూలు ఒకటి, పట్టుకోవడానికి పక్కన ఒక కుర్చీ వీపు. కళ్లజోడు పెట్టుకున్న పెద్దవాళ్లని జోడు తీసేసి ఫోకస్ నాబ్ తమ చేత్తోనే నెమ్మదిగా తిప్పుకోమనండి, మసగ్గా కనబడినా మొహమాటానికి "ఆ, కనబడిందమ్మా" అనేసి వెళ్లిపోతారు వాళ్లు. అందుకే "కనబడిందా" అని అడగొద్దు, "ఏం కనబడింది" అని అడగండి. గురుడి పక్కన చుక్కల్లా కనబడే దాని చంద్రులు ఎన్ని ఉన్నాయో చెప్పమనండి, మూడు అన్నా నాలుగు అన్నా నిజంగా చూశారని తెలుస్తుంది. 1610 జనవరిలో గెలీలియో ఆ చుక్కల్నే రాత్రి తర్వాత రాత్రి గీసుకున్నాడని అప్పుడు చెబితే ఆ మాట మనసులో ఉంటుంది.

భూమి తిరుగుతుంది కాబట్టి మోటారు లేని డాబ్సోనియన్‌లో బొమ్మ జరిగిపోతూనే ఉంటుంది. 1200 ఎంఎం ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోపుకి 25 ఎంఎం ఐపీస్ పెడితే గ్రహం ఈ చివర నుంచి ఆ చివరకి పోవడానికి సుమారు నాలుగు నిమిషాలు, ఇంకా పెద్దగా చూపించే 10 ఎంఎం పెడితే రెండు నిమిషాల లోపే. జనం ఎక్కువున్నప్పుడు పెద్దగా చూపించాలన్న ఆశ వదిలేసి 25 ఎంఎంతోనే కానివ్వండి, ప్రతి ముగ్గురికీ ఒకసారి మీరు చూసి మధ్యలోకి తెచ్చుకోండి. శని చూడటానికి వచ్చినవాళ్లకి ఒక మాట ముందే చెప్పాలి: 2025లో వలయాలు అంచు మనవైపు తిప్పాయి, అందుకని ఆ తర్వాత ఒకటి రెండేళ్లు సన్నగా కనబడి, తర్వాత ఏటేటా విచ్చుకుంటాయి. ఫోటోల్లో చూసిన శనిని ఊహించుకుని వచ్చినవాళ్లకి ఇది తెలిసి ఉంటే సన్న గీతని కూడా ఇష్టంగా చూస్తారు.

ఏప్రిల్, మే నెలల్లో పెడితే అరుంధతిని తప్పకుండా చూపించండి. పెళ్లిలో పట్టపగలు పురోహితుడు చెయ్యెత్తి చూపిస్తే "కనబడింది" అని తలూపినవాళ్లే మనమంతా. సప్తర్షుల తోకలో మధ్య నక్షత్రం వశిష్ఠుడు, ఆనుకుని సన్నగా అరుంధతి. టెలిస్కోపులో పెడితే వశిష్ఠుడు కూడా రెండు నక్షత్రాలుగా విడిపోతాడు. కొత్తగా పెళ్లయిన జంట వరుసలో ఉంటే వాళ్లని ముందుకి పిలవండి, ఎవరూ అభ్యంతరం చెప్పరు.

పగటి కార్యక్రమాల్లో ఖర్చే లేనిది జీరో షాడో డే, అంటే నిటారుగా నిలబెట్టినదాని నీడ నడిపొద్దున మాయమయ్యే రోజు. మన రెండు రాష్ట్రాలూ కర్కట రేఖకి దక్షిణానే ఉన్నాయి కాబట్టి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌కి మే 9, ఆగస్టు 3 ప్రాంతం, కడపకి ఏప్రిల్ 29, ఆగస్టు 13 ప్రాంతం, ఉత్తరాన ఆదిలాబాద్ వైపు మే మూడో వారం. గడియారంలో పన్నెండుకి కాదు, పన్నెండుంపావు అటూ ఇటూగా జరుగుతుంది, ఎందుకంటే మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, హైదరాబాద్, కడప దానికి పడమరన ఉన్నాయి. ఒక పీవీసీ పైపు ముక్కని నిటారుగా నిలబెట్టి పది నిమిషాల ముందు నుంచి నీడ చివర గుర్తులు పెట్టిస్తే చాలు. పిల్లలకి టోపీలు, మజ్జిగ మాత్రం మర్చిపోవద్దు, ఆ ఎండ మామూలుగా ఉండదు. సూర్యుణ్ణే టెలిస్కోపులో చూపించేటట్టయితే సోలార్ ఫిల్టర్ గొట్టం ముందు భాగానికి, గాలికి ఊడకుండా టేపు వేసి ఉండాలి, ఐపీస్ వైపు బిగించే చిన్న ఫిల్టర్ వేడికి పగులుతుంది, ఫైండర్‌కి మూత వేసేయాలి. ఆ టెలిస్కోపు పక్కన ఒక పెద్ద మనిషి కదలకుండా నిలబడాలి. ఇందులో సర్దుకుపోవడం లేదు.

ఇక అమావాస్య ప్రయాణం. మా వైపు గండికోట బాగుంటుంది, ఆగ్నేయంగా యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల వెలుగు కాస్త ఉన్నా దక్షిణ ఆకాశం చాలావరకు తెరిచి ఉంటుంది. నల్లమల చీకటి అద్భుతమే కానీ అమ్రాబాద్ రిజర్వ్ గుండా పోయే శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు, అడవిలో రాత్రి ఆగడం కుదరదు. లంబసింగి లాంటి చోట్ల చలికాలం మంచు పొగ. కాబట్టి చీకటి ఒక్కటే చూడకుండా దక్షిణం వైపు కొండ అడ్డం లేదా, బాత్రూమ్ ఉందా, కారు తిరిగే చోటుందా అన్నవి పగలు వెళ్లి చూసుకోండి. బాత్రూమ్ లేని చోటుకి ఆడవాళ్లు రెండోసారి రారు, రాకపోవడమే సరైనది, కాబట్టి టూరిజం గెస్ట్‌హౌసో తెలిసినవాళ్ల తోటో ఉన్న చోటే ఎంచుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. అర్ధరాత్రి కొండ దగ్గర నాలుగు కార్లు, పొడుగాటి గొట్టాలు, ఎర్ర లైట్లు. చూసేవాళ్లకి వచ్చే మొదటి అనుమానం గుప్త నిధుల తవ్వకం! రాయలసీమలో ఇది సరదా విషయం కాదు. పోలీస్ స్టేషన్లో ఒక కాగితం ఇచ్చి, ఊరి సర్పంచ్‌కి ముందు రోజే ఫోన్ చేసి, వీలైతే ఊళ్లో నలుగురిని చూడటానికి రమ్మని పిలవండి. వచ్చేవాళ్లలో ముసలి రైతులుంటే పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్క అంటూ ఏ చుక్కని ఏమంటారో అడిగి రాసుకోండి, పొలానికి నీళ్లు పెట్టడానికి రాత్రుళ్లు ఆకాశం చూసి టైమ్ చెప్పినవాళ్లు వాళ్లు.

అందరూ వెలుతురుండగానే చేరాలి. కార్లని తిరిగి వెళ్లే దారి వైపు ముఖం పెట్టి ఆపి, లోపలి లైట్లు ఆఫ్ చేయాలి, కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్క హెడ్‌లైట్ దాన్ని చెరిపేస్తుంది. టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బర్ బ్యాండ్ వేయండి. బూట్లు తప్పనిసరి, పాములుంటాయి. నక్షత్రాల్ని చూపించే గ్రీన్ లేజర్ ఒక్కరి చేతిలోనే ఉండాలి, విమానం వైపు పొరపాటున కూడా పోకూడదు. ఏప్రిల్, మేలో వెళ్తే దక్షిణాన ఒమెగా సెంటారీ చూడండి, లక్షల నక్షత్రాల గుంపు. యూరప్‌లో చాలా దేశాల వాళ్లకి అది దిగంతం పైకే రాదు, మనకి దాదాపు ముప్పై డిగ్రీల ఎత్తుకి వస్తుంది. ఈ భాగ్యం మనదని కొత్త సభ్యులకి నొక్కి చెప్పండి.

ఏడాదికి ఒకసారి పెద్ద పండగ కావాలంటే నా ఓటు ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యకి. మెస్సియర్ జాబితాలోని 110 వస్తువుల్ని (నక్షత్ర గుంపులు, గెలాక్సీల లాంటివి) ఒకే రాత్రిలో వెతికే మారథాన్‌కి మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా ఉన్న అమావాస్యే అనుకూలం, మన పంచాంగంలో అది చాలా ఏళ్లు కొత్త అమావాస్యే అవుతుంది. జట్లుగా విడిపోయి, వెతికినవి పుస్తకంలో టిక్ పెట్టుకుంటూ తెల్లవారేదాకా సాగిస్తారు, పొద్దున ఉగ్గాని బజ్జీతో ముగింపు. డిసెంబరు 13 రాత్రి జెమినిడ్ ఉల్కలకి టెలిస్కోపే అక్కర్లేదు, చాపలు, దుప్పట్లు, ఫ్లాస్కుల్లో టీ. ఆగస్టు పెర్సీడ్‌లు మనకి మబ్బుల్లోనే పోతాయి కాబట్టి జెమినిడ్‌లే మన ఉల్కల పండగ. 2026లో ఆ రాత్రి చంద్రుడు పది గంటల ప్రాంతానికే అస్తమిస్తాడు, అర్ధరాత్రి దాటాక రెండింటి దాకా మంచి సమయం.

కుటుంబాలతో కలవడానికి కార్తీక వనభోజనం పెట్టుకోండి, శుద్ధ అష్టమి దగ్గర పడే ఆదివారం చూసి. మధ్యాహ్నం ఉసిరి చెట్టు కింద భోజనం, ఫిల్టర్‌తో సూర్యుడి మచ్చలు, సాయంత్రం చంద్రుడు. దీపావళి అమావాస్యని మాత్రం వదిలేయండి, ఆకాశమంతా పొగ. వానాకాలం నెలలు లోపలి సభలకి సరిపోతాయి: జులై 20 చంద్రుడి మీద కాలుపెట్టిన రోజు, ఆగస్టు 10 ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు పుట్టినరోజు, ఆగస్టు 23 చంద్రయాన్-3 దిగిన రోజు. బప్పు చదువుకున్నది హైదరాబాద్‌లో, తండ్రి పనిచేసింది నిజామియా అబ్జర్వేటరీలో. ఆ పేరు పెట్టిన 2.3 మీటర్ల టెలిస్కోపు తమిళనాడులోని కావలూరులో ఉంది, చిత్తూరు, తిరుపతి క్లబ్బులకి దగ్గరే, అనుమతి ముందే కనుక్కుని ఒక బస్సు కట్టుకుని వెళ్లండి.

గ్రహణాలప్పుడు ఊరి నమ్మకాలతో గొడవ పెట్టుకోవద్దు. తినేవాళ్ల కోసం టీ, బిస్కెట్లు బల్ల మీద పెట్టండి, తిననివాళ్లని ఏమీ అనకండి, చూడటానికి వచ్చారు కదా, అదే పెద్ద అడుగు. 1980 ఫిబ్రవరి 16న తెలంగాణ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది, హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ దారిలోనే ఉంది, అయినా ఎంతోమంది తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నారు. ఆ రోజు గుర్తున్న పెద్దవాళ్లని పిలిచి మాట్లాడించండి. రాబోయేవాటిలో 2028 డిసెంబరు 31ని ఇప్పుడే రాసిపెట్టుకోండి: కొత్త సంవత్సరం ముందు రాత్రి, పది, పదకొండు గంటల మధ్య సంపూర్ణ చంద్రగ్రహణం, ఫిల్టర్ అక్కర్లేదు, మేడ మీద నుంచే కనబడుతుంది. అంతకంటే మంచి న్యూ ఇయర్ పార్టీ ఏ క్లబ్బుకీ దొరకదు, గ్రౌండ్ ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

మబ్బుల సంగతి: మధ్యాహ్నం మూడింటికి వాతావరణ శాఖ శాటిలైట్ బొమ్మ చూసి ఉందో లేదో ఒకే మెసేజ్ పెట్టండి, "చూద్దాం" అని సాయంత్రం దాకా నాన్చకండి. వచ్చినవాళ్లు వెళ్లేముందే తర్వాతి అష్టమి తేదీ చెప్పి ఫోన్ నంబర్లు రాయించుకోండి. ఇంటికి రాగానే మంచుకి తడిసిన అద్దాలకి మూతలు బిగించి పెట్టెలో పెట్టేయకండి, ఫంగస్ పడుతుంది. గదిలో టెలిస్కోపు నోరు కిందికి వంచి పొద్దుటిదాకా ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలు వేసి అప్పుడు మూయండి.