సన్‌రైజర్స్ వేలం మీద లొల్లి పెట్టుకునే పద్ధతి

ఐపీఎల్ ఆడేది రెండు నెలలు. మిగతా పది నెలలు దాని గురించి కొట్లాడుడే. మా రామంతాపూర్ ఇరానీ హోటల్‌లో ఈ కొట్లాటకు కూడా ఒక క్యాలెండర్ ఉంది. జూన్‌లో ఎవర్ని పీకెయ్యాలన్నది, నవంబర్‌లో ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడి) పుకార్లు, ఆ తర్వాత వేలం, వేలం మర్నాడు శాపనార్థాలు. నేను పగలంతా చిన్న షాపులకు జీఎస్టీ రిటర్నులు వేస్తా. అందుకని పొద్దుగూకినంక కూడా లెక్కలేని మాట వింటే ఒళ్ళు మండుతుంది. "గన్ని పైసలు పోసి గాన్ని ఎందుకు కొన్నరే?" అని ఒకాయన, "సిరాజ్ మనోడే గదనే, ఎట్ల ఇడిసిపెట్టిన్రు?" అని ఇంకొకాయన. ప్రశ్నలు మంచివే, జవాబులే గాలిమాటలు. మన హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ ఆట కోసం ఉప్పల్‌లో టికెట్ కొని ఎండకు కూచునేవాళ్ళం మనం. మన లొల్లికి ఒక పద్ధతి ఉండాలని ఇది రాస్తున్నా.

ముందు పర్సు

చాయ్ చెప్పకముందే కాగితం మీద మూడు అంకెలు వేసుకోండి: చేతిలో ఎన్ని కోట్లున్నాయి (అదే పర్సు), జట్టులో ఎన్ని ఖాళీలున్నాయి, వాటిలో విదేశీయులకు ఎన్ని. జట్టుకు కనీసం 18 మంది ఉండాలి, 25 దాటకూడదు. విదేశీయులు ఎనిమిది మందే, తుదిజట్టులో నలుగురే. ఈ అంకెలు చెప్పలేనివాడు "ఫలానావాణ్ణి కొనాల్సింది" అంటే, తన చాయ్ డబ్బులు తను కట్టుకుని పోవచ్చు.

హైదరాబాద్ ఫాస్ట్ బౌలర్ సిరాజ్ సంగతే చూద్దాం. 2024 నవంబర్‌లో జెడ్డాలో మెగా వేలం, అంటే జట్లు కొందర్నే అట్టిపెట్టుకుని మిగతావాళ్ళను వదిలేసే పెద్ద వేలం, జరిగింది. జట్టుకు 120 కోట్లు. మనవాళ్ళు ముందే ఐదుగుర్ని అట్టిపెట్టుకున్నారు: క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్‌కు 14, హెడ్‌కు 14, నితీష్ కుమార్ రెడ్డికి 6. అక్కడికే 75 కోట్లు అయిపోయాయి. మిగిలిన 45 కోట్లతో తక్కువలో తక్కువ పదమూడు మందిని తేవాలి. తలకు మూడున్నర కోట్లు కూడా పడవు. అందులోంచి ఇషాన్ కిషన్‌కు 11.25, షమీకి 10, హర్షల్ పటేల్‌కు 8 పెట్టారు. ముగ్గురికే 29.25 కోట్లు. సిరాజ్‌ను గుజరాత్ 12.25 కోట్లకు తీసుకుంది. అంటే మనం కనీసం 12.50 అనాలి, అన్నాక గుజరాత్ ఆగుతుందన్న గ్యారంటీ కూడా లేదు. కాబట్టి "సిరాజ్‌ను ఎందుకు కొనలేదు" అని కాదు, "సిరాజ్ కోసం ఈ ముగ్గురిలో ఎవర్ని వదిలేవాడివి" అని అడగాలి. ఇట్లా అడిగిన రోజు మా టేబుల్ మీద సగం గొంతులు చల్లబడ్డాయి. మిగతా సగం మాత్రం "షమీని" అని గట్టిగానే అన్నాయి. అది న్యాయమైన వాదన. 2025 ఏప్రిల్ 6న అదే సిరాజ్ అదే ఉప్పల్‌లో 17 పరుగులకు నాలుగు వికెట్లు తీసి మనల్ని ముంచినప్పుడు నా నోరు కూడా చేదైంది.

అయితే ఇక్కడే అందరూ జారిపోతారు. ఏప్రిల్‌లో చూసినదాంతో నవంబర్ నాటి నిర్ణయానికి మార్కులు వేస్తారు. అట్లా కుదరదు. వేలం రోజున ఏం తెలుసో అదే రాసుకోవాలి. షమీ 2023 సీజన్‌లో 28 వికెట్లతో పర్పుల్ క్యాప్ (అందరికంటే ఎక్కువ వికెట్లు తీసినవాడికిచ్చేది) తీసుకున్నాడు. తర్వాత చీలమండకు ఆపరేషన్ అయి 2024 ఐపీఎల్ మొత్తం ఆడలేదు. వేలానికి కొద్దిరోజుల ముందే బెంగాల్ తరఫున రంజీకి తిరిగొచ్చి మధ్యప్రదేశ్ మీద ఏడు వికెట్లు తీశాడు. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని పది కోట్లు ఎక్కువా తక్కువా అని అప్పుడే తేల్చాలి. నా మటుకు, ముప్పై నాలుగు దాటిన ఫాస్ట్ బౌలర్, పైగా కాలికి కత్తి పడినవాడు, పది కోట్లకు ఎక్కువే. అంతమాత్రాన, పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 ఇచ్చుకున్నాడు కాబట్టి ఎక్కువ అని నేననను. ఆ మాట వేలం రోజు ఎవరికీ తెలియదు.

ధర ఎవరు పెంచారో చూడండి

బాలాపూర్ గణేశుడి లడ్డూ తెలియని హైదరాబాదీ ఉండడు. 1994లో 450 రూపాయలకు పాడిన లడ్డూ 2025లో 35 లక్షలకు పోయింది. నెయ్యి, చక్కెర రేట్లు పెరిగినందుకు కాదు. ఎదుట పాడేవాడు తగ్గనంతసేపు పాట ఆగదు. ఆటగాళ్ళ వేలమూ అదే కథ. ఫలానావాడికి పదమూడు కోట్లు "ఇచ్చారు" అనకముందు, పన్నెండుకో పదమూడుకో పాడినవాడెవడో కనుక్కోండి.

హ్యారీ బ్రూక్‌ను తీసుకోండి. 2022 డిసెంబర్, కొచ్చి. అన్ని జట్లకంటే మన పర్సే పెద్దది, 42.25 కోట్లు. రాజస్థాన్ దగ్గర ఉన్నదే 13.20. వాళ్ళు బ్రూక్ కోసం దాదాపు జేబంతా దులిపి 13 కోట్ల దాకా వచ్చారు, మనం 13.25 అన్నాం. అదే వేలంలో అదే మన టేబుల్ క్లాసెన్‌ను 5.25కు తెచ్చింది. 2023లో బ్రూక్ పదకొండు మ్యాచుల్లో 190 పరుగులు చేశాడు, అందులో సెంచరీ ఈడెన్ గార్డెన్స్‌లో ఒక్క రాత్రి కొట్టిందే. క్లాసెన్ 448 చేశాడు. "చూసినవా, ధరకు ఆటకు సంబంధమే లేదు" అనేస్తారు మావాళ్ళు. పూర్తిగా అట్లా కాదు. బ్రూక్ ఆ నెలలోనే పాకిస్తాన్‌లో మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టి వచ్చాడు. అందరి కళ్ళూ అతని మీదే ఉన్నాయి, అందుకే పాట అంత దూరం పోయింది. కాకపోతే ఐపీఎల్ ఒక్క మ్యాచ్ ఆడనివాడికి అంత పెట్టడం సాహసమే, ఆ మాట ఆ రోజే అనొచ్చు, అన్నవాళ్ళూ ఉన్నారు.

కమిన్స్‌కు 2023 డిసెంబర్‌లో 20.50 పెట్టినప్పుడు మా హోటల్‌లో ఎవరూ మెచ్చుకోలేదు. చివరిదాకా ఎదురు పాడింది బెంగళూరు. అదే రోజు 6.80కి వచ్చిన హెడ్ గురించి మాట్లాడినవాడే లేడు. హెడ్ 2024లో 567 పరుగులు చేశాడు, మనం ఫైనల్‌కు పోయాం, చెన్నైలో 113కే కుప్పకూలాం. ఒక కొనుగోలు మీద తీర్పు చెప్పేటప్పుడు ఆ ఫైనల్‌ను పక్కన పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. పెట్టాలి.

ట్రేడ్ చెప్పేముందు ఎదుటి కుర్చీలో కూర్చోండి

ముందు రూల్స్ తెలుసుకోండి. ట్రేడ్ రెండు రకాలు: ఆటగాడికి ఆటగాణ్ణి మార్చుకోవడం, లేదా పూర్తిగా డబ్బుకు ఇచ్చెయ్యడం. వేలానికి వారం ముందు దాకా కిటికీ తెరిచే ఉంటుంది, వేలం అయ్యాక మళ్ళీ తెరుచుకుని సీజన్‌కు నెల ముందు మూసుకుంటుంది. ఆటగాడు ఒప్పుకోవాలి. జట్టూ ఒప్పుకోవాలి. "వాడు మనకాడికి వస్తనంటున్నడు" అని ఎవరో పెట్టిన ఫొటో చూసి ఎగరకండి. లీగ్ ప్రకటించేదాకా అది పుకారే.

మా దగ్గర ప్రతి సంవత్సరం తిలక్ వర్మ పేరు లేస్తుంది. హైదరాబాద్ పిల్లాడు, ముంబై 2022లో 1.7 కోట్లకు తీసుకుంది, 2025కు 8 కోట్లతో అట్టిపెట్టుకుంది. "మన ముగ్గుర్ని ఇచ్చి తెచ్చుకుందాం తమ్మీ" అంటాడు పక్క మొబైల్ షాపన్న. ఎవర్ని ఇస్తావన్నా అంటే, బెంచీ మీద కూచున్న ముగ్గురి పేర్లు చెప్తాడు. ముంబైవాళ్ళు మనకంటే తెలివి తక్కువోళ్ళు కాదు. అడిగితే వాళ్ళు అభిషేక్‌నో, వైజాగ్ పిల్లాడు నితీష్‌నో అడుగుతారు. ఇస్తావా? నీ ప్రతిపాదన విని అవతలి జట్టు అభిమాని నవ్వితే అది ట్రేడ్ కాదు, కోరిక. మనోడు మన జట్టులో ఆడాలన్న ఆశ నాకూ ఉంది. దాన్ని ఆశ అనే చెప్పుకుంటా, క్రికెట్ లెక్క అని పేరు పెట్టను.

మన చరిత్రలో ట్రేడ్ గురించి నేర్పేది ఒకటుంది. 2018 చివర్లో శిఖర్ ధవన్‌ను ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మలను తెచ్చుకున్నాం. ధవన్ ధర 5.2 కోట్లు. వచ్చినవాళ్ళలో శంకర్, నదీమ్ చెరో 3.2, అభిషేక్ 55 లక్షలు, మొత్తం 6.95. మరుసటి సీజన్లో ధవన్ ఢిల్లీకి 521 పరుగులు చేశాడు. విశాఖలో ఎలిమినేటర్‌లో మనల్ని ఇంటికి పంపింది కూడా ఆ ఢిల్లీయే. అప్పుడు ఆ ట్రేడ్‌ను తిట్టనివాడు పాపాత్ముడు. ఇప్పుడేమో, 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టాక, "ఆ ట్రేడ్ చేసినోడికి దండ వెయ్యాలె" అంటున్నారు.

రెండు మాటలూ లెక్కకు నిలబడవు. తెచ్చిన కొత్తలో పద్దెనిమిదేళ్ళ అభిషేక్‌ను పెద్దగా ఆడించలేదు. 2022 మెగా వేలానికి ముందు మనం అట్టిపెట్టుకున్నది విలియమ్సన్, సమద్, ఉమ్రాన్ మాలిక్‌లను. అభిషేక్‌ను వేలానికి వదిలేశాం, మళ్ళీ 6.5 కోట్లు పెట్టి కొన్నాం. అంటే ట్రేడ్ పద్దు 2021తో మూసేయాలి. ఆ పద్దులో మనకు నష్టమే. 6.5 కోట్లది కొత్త పద్దు, అది బ్రహ్మాండమైన కొనుగోలు. రెండు పద్దులు కలిపి ఒకే లాభం చూపించేవాణ్ణి మా వ్యాపారంలో ఏమంటారో ఇక్కడ రాయను.

ఎవరూ పట్టించుకోని చిన్న మార్పిళ్ళను కూడా చూడండి. 2023 నవంబర్‌లో మయాంక్ డాగర్‌ను బెంగళూరుకు ఇచ్చి షాబాజ్ అహ్మద్‌ను తెచ్చుకున్నాం. ఆ రోజు హోటల్‌లో ఒక్కరు తల ఎత్తలేదు. 2024 క్వాలిఫయర్-2లో రాజస్థాన్ మీద 23 పరుగులకు మూడు వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయింది అతనే.

అమెరికా చుట్టాలున్నవాళ్ళకు ఒక హెచ్చరిక. మా బావమరిది డాలస్‌లో ఉంటాడు, బేస్‌బాల్ పిచ్చి పట్టింది. అక్కడ డాడ్జర్స్ జట్టు 2023 డిసెంబర్‌లో ఒటానీకి పదేళ్ళకు 70 కోట్ల డాలర్లు రాసింది, అందులో 68 కోట్లు పదేళ్ళ ఒప్పందం అయిపోయాక ఇచ్చేవే. సీజన్ నడుస్తుండగానే జులై చివరి దాకా ఆటగాళ్ళను మార్చుకుంటారు, స్టార్ కోసం ఇంకా పెద్ద జట్టు ముఖం చూడని కుర్రాళ్ళను నలుగుర్ని ఇచ్చేస్తారు. "మీరూ గట్ల చెయ్యొచ్చు గద బావా" అంటాడు ఫోన్‌లో. చెయ్యలేం. ఇక్కడ పర్సుకు గోడ ఉంది, తర్వాత కడతామనే ఖాతా లేదు, మూడేళ్ళకోసారి మెగా వేలం వచ్చి జట్లను కుదిపేస్తుంది. పదేళ్ళ ప్లాను మన లొల్లిలోకి తేకండి.

ఇక కాగితం మీద తీర్పు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టే అలవాటు చేసుకోండి. "నేను అప్పుడే చెప్పిన" అనే జబ్బుకు దీనికి మించిన మందు లేదు. ఉదాహరణకు నాది: 2025 డిసెంబర్ 16, అబుదాబి. షమీని పది కోట్లకే లక్నోకు పంపేశాక మన దగ్గర 25.50 కోట్లున్నాయి. మొదటి రౌండ్లో ఎవరూ అడగని లివింగ్‌స్టన్‌కు తర్వాత 13 కోట్లు పెట్టాం. సగం కంటే ఎక్కువ. బెంగళూరు 8.75కు కొని ఒక్క సీజన్‌కే వదిలేసిన ఆటగాడు. హెడ్, క్లాసెన్, కమిన్స్ తుదిజట్టులో ఖాయం, నాలుగో విదేశీ చోటు ఒక్కటే. అక్కడ ఇతన్ని ఆడిస్తే శ్రీలంక ఫాస్ట్ బౌలర్ ఈషాన్ మలింగ బయట కూర్చోవాలి, షమీ పోయిన బౌలింగ్ ఇంకా పలచబడుతుంది. ఎదుట ఎవరు పాడారన్నది పక్కన పెట్టినా, ఈ పైసలు మన దేశపు ఫాస్ట్ బౌలర్ల కోసం దాచుకోవాల్సింది. ఇది ఆ రాత్రే రాసి సంతకం పెట్టా. మొబైల్ షాపన్న కింద "తప్పు" అని రాసి ఆయనా సంతకం పెట్టిండు. కాగితం హోటల్ సేఠ్ దగ్గరుంది. పందెం ఒక ప్లేట్ ఉస్మానియా బిస్కెట్లు, అంతకు మించి రూపాయి కూడా కాయొద్దు.