పాత డిజిటల్ కెమెరా సతాయిస్తోందా? రిపేరుకు ఇచ్చేముందు మెనూ చూడండి

బీరువాల్లో పడి ఉన్న కానన్ పవర్‌షాట్, నికాన్ కూల్‌పిక్స్, సోనీ సైబర్‌షాట్ కెమెరాలు మళ్ళీ బయటికొస్తున్నాయి. నల్లగొండ, పాలమూరు వైపు చాలా ఇళ్ళలో ఉన్నవి అమెరికా నుంచో దుబాయ్ నుంచో వస్తూ చుట్టాలు తెచ్చినవే. లెన్సు ఇరుక్కున్నవి, తెర పగిలినవి పక్కన పెడితే, పాడైందనుకున్న కెమెరాకు జబ్బు చాలాసార్లు మెనూలోనే ఉంటుంది.

ముందు సెటప్ మెనూలో 'రీసెట్ ఆల్' నొక్కండి. ఫోటోలు పోవు, ఆ పేరు చూసి భయపడొద్దు. ఫోటోలు చెరిపేది 'ఫార్మాట్', అది వేరు. కానన్‌లో రీసెట్ చేసినా తేదీ, భాష, వీడియో సిస్టమ్ మారవు. వాటిని విడిగా సరిచేసుకోవాలి.

బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్లా తేదీ అడుగుతోంది

గడియారాన్ని నడిపేది పెద్ద బ్యాటరీ కాదు, లోపల ఇంకో చిన్నది ఉంటుంది. చాలా కెమెరాల్లో ఆ చిన్నది పెద్దదాన్నుంచే ఛార్జ్ అవుతుంది. ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటే అడుగంటుతుంది. ఫుల్ ఛార్జ్ బ్యాటరీ వేసి, కెమెరా ఆఫ్ చేసి, 24 గంటలు అలాగే వదిలేయండి. ఆ తర్వాతే తేదీ పెట్టండి. అయినా అడుగుతుంటే లోపలి సెల్లు చచ్చినట్టే. దాన్ని మార్చడానికి కెమెరా మొత్తం విప్పాలి. ఆ ఖర్చు దండగ, వాడినప్పుడల్లా తేదీ పెట్టుకోవడమే నయం.

పెన్సిల్ సెల్లులతో నడిచే కొన్ని కానన్ ఏ సిరీస్ కెమెరాల్లో మాత్రం ఆ చిన్న బ్యాటరీ మన చేతికి అందుతుంది. సెల్లులు వేసే అరలోనే సన్నని ట్రే ఉంటుంది. గోరుతో లాగితే బిళ్ళ సెల్లు బయటికొస్తుంది. దానిమీద ఉన్న నంబరు, సాధారణంగా సీఆర్1220 లాంటిది, చూసి వాచీల దుకాణంలో అదే అడగండి. పాతది ఎటు తిరిగి ఉందో చూసుకుని కొత్తది పెట్టండి.

తప్పు తేదీతో ఇప్పటికే తీసిన ఫోటోలుంటే ఒక కిటుకుంది. ఫోన్‌లో గడియారం తెరిచి, తేదీ, టైమూ కనిపించేలా కెమెరాతో ఒక ఫోటో తీయండి. ఆ ఫోటో వివరాల్లో కెమెరా రాసిన టైముకు, బొమ్మలో కనిపించే టైముకు ఎంత తేడా ఉందో లెక్కకట్టి, డిజికామ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అన్ని ఫోటోలకూ ఒకేసారి కలపండి. మధ్యలో గడియారం మళ్ళీ సున్నాకు రాకపోతేనే ఈ లెక్క కుదురుతుంది.

తేడా సరిగ్గా తొమ్మిదిన్నర గంటలో, పదిన్నర గంటలో ఉంటే సెల్లును అనుమానించొద్దు. టైమ్ జోన్ ఇంకా న్యూయార్క్‌లోనే ఉంది.

పెళ్ళి ఫోటో పెద్దగా ప్రింట్ వేయిస్తే మసక

పాత కానన్‌లలో ఫోటోమీద తేదీ ముద్ర పడాలంటే సైజు 'పోస్ట్‌కార్డ్'లో ఉండాలి. అంటే 1600×1200, రెండు మెగాపిక్సెళ్ళే. తేదీ కోసమని ఎవరో ఒకసారి మార్చి ఉంటారు, అప్పటినుంచీ అన్నీ అలాగే పడుతుంటాయి. 4×6 ప్రింటుకు ఫరవాలేదు. 12×18 ఆల్బమ్ పేజీకి మాత్రం అంగుళానికి 90 చుక్కలు కూడా రావు. సైజును అన్నిటికన్నా పెద్దదైన 'ఎల్'కు మార్చండి. తీసిన తేదీ ఎలాగూ ఫైలులో ఉంటుంది. ఫోటోమీద పడ్డ ముద్ర మాత్రం ఇక పోదు.

ఆ మెనూలోనే డిజిటల్ జూమ్ కూడా ఆఫ్ చేయండి. అది దగ్గరకు తెచ్చేదేం లేదు, కోసి సాగదీస్తుంది.

వెనక వరసలో వాళ్ళ తలలు ప్రింటులో తెగడానికి కారణం వేరు. ఈ కెమెరాల ఫోటోలో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3, ల్యాబ్ కాగితంలో 3:2. కాగితం నిండాలంటే పైనా కిందా కలిపి తొమ్మిదో వంతు పోతుంది. మెనూలో 3:2 ఉంటే పెట్టండి, లేకపోతే తలలపైన చోటు వదిలి తీయండి.

పానగల్‌లో నీడ ఫోటోలో పడటం లేదు

నల్లగొండ దగ్గర పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో శివలింగం వెనక గోడమీద పడే నీడ కంటికి కనిపిస్తుంది, ఫోటోలో ఉండదు. కారణాలు రెండు. మొదటిది ఆటో ఫ్లాష్: గోడమీద వెలుగు పడగానే నీడ మాయం. రెండోదాన్ని ఎవరూ అనుమానించరు. చీకటి భాగాల్ని కెమెరా తనంతట తానే తెల్లబరిచే సెట్టింగ్ ఒకటుంటుంది. కానన్‌లో ఐ-కాంట్రాస్ట్, నికాన్‌లో యాక్టివ్ డీ-లైటింగ్, సోనీలో డీఆర్‌ఓ అంటారు. మనం తీయాలనుకున్న నీడనే అది లోపం అనుకుని దిద్దుతుంది.

సెట్టింగులు మనమే మార్చుకోగలిగే 'పీ' మోడ్‌కు వెళ్ళి ఫ్లాష్, ఈ సెట్టింగ్ రెండూ ఆఫ్ చేయండి. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 400 పెట్టి, ఎక్స్‌పోజర్ (ఫోటో ఎంత వెలుగ్గా రావాలో చెప్పేది) −0.7కు దించి, చెయ్యి కదలకుండా రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. ఫోటోకు అనుమతి ఉందో లేదో ముందే అడగండి.

ఐఎస్‌ఓ, వైట్ బ్యాలెన్స్ మెనూలో బూడిద రంగులో ఉండి కదలకపోతే అది చెడిపోవడం కాదు. ఆటో మోడ్‌లో ఉన్నారు. డయల్ 'పీ'కి తిప్పండి.

బతుకమ్మలో తంగేడు పూలు విడివిడిగా కనిపించక పసుపు ముద్దలా వస్తే రంగుల్ని గాఢం చేసే 'వివిడ్' ఆఫ్ చేయండి.

టీవీలో బొమ్మ నలుపు తెలుపు, లేదా పైకి పరిగెడుతోంది

అమెరికాలో కొన్న కెమెరా ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతిలో ఉంటుంది, మనది పాల్ పద్ధతి. సెటప్‌లో 'వీడియో సిస్టమ్' మార్చండి.

'మెమొరీ కార్డ్ ఎర్రర్'

ఎస్‌డీ కార్డు ఎడమ అంచున ఉన్న చిన్న లాక్ మీట పైకుందా చూడండి. కిందికి జరిగి ఉంటే 'కార్డ్ లాక్డ్' అనో, దాదాపు అలాంటి మాటో వస్తుంది. 2006కు ముందువి చాలావరకు 2 జీబీ దాటిన కార్డు చదవవు. ఆ తర్వాత వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ రకం కార్డులు 32 జీబీ వరకు, ఎస్‌డీఎక్స్‌సీ రకం ఆపైన. ఇప్పుడు సులువుగా దొరికే 64 జీబీ కార్డు పాత కెమెరాకు పనికిరాకపోవడం ఇందుకే. కెమెరా ఏ రకం తీసుకుంటుందో అడుగున గానీ కార్డు మూత దగ్గర గానీ గుర్తు ఉంటుంది. సరిపోయే కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, కంప్యూటర్‌లో కాదు.

సీడీ లేదు, కంప్యూటర్ గుర్తుపట్టడం లేదు

కెమెరాతో వచ్చిన సీడీ కోసం వెతకొద్దు. ఇంటర్నెట్‌లో దొరికే కానన్ ఫోటో సాఫ్ట్‌వేర్ జూమ్‌బ్రౌజర్ చాలావరకు 'అప్‌డేటర్' మాత్రమే. సీడీ నుంచి ఎక్కించిన పాత వెర్షన్ లేకపోతే అది మధ్యలో ఆగిపోతుంది. ఫోటోలు దించుకోవడానికి విండోస్‌కు ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. కెమెరాను ఫోటోలు చూసుకునే ప్లే మోడ్‌లో ఆన్ చేసి కేబుల్ పెడితే 'దిస్ పీసీ'లో కెమెరా బొమ్మ వస్తుంది. కానన్‌లకు డ్రైవ్ అక్షరం రాదు, అది లోపం కాదు. సోనీలో 'యూఎస్‌బీ కనెక్ట్'ను 'మాస్ స్టోరేజ్'కు మారిస్తే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది.

ఏమీ రాకపోతే కేబుల్ మార్చండి. కొన్ని కేబుళ్ళు ఛార్జింగ్‌కే పనికొస్తాయి. పాత నికాన్‌ల ఎనిమిది పిన్నుల సాకెట్ చూడ్డానికి మినీ యూఎస్‌బీలా ఉంటుంది కానీ కాదు, బలవంతంగా గుచ్చితే విరుగుతుంది. అన్నిటికన్నా కార్డు రీడర్ మేలు.

దించేటప్పుడు 'అదే పేరుతో ఫైలు ఉంది' అని విండోస్ అడిగితే 'రీప్లేస్' నొక్కొద్దు. కానన్‌లో ఫైల్ నంబరింగ్ 'ఆటో రీసెట్'లో ఉంటే కార్డు మార్చినప్పుడల్లా లెక్క మళ్ళీ ఒకటినుంచి మొదలవుతుంది. సాగర్ ట్రిప్ ఫోటోల మీద పిల్లలమర్రి ఫోటోలు పడిపోతాయి. 'కంటిన్యుయస్' పెట్టండి, ప్రతిసారీ కొత్త ఫోల్డర్‌లోకి దించండి.

సోనీ, పానసోనిక్ వీడియోలు కార్డులో ఫోటోలుండే డీసీఐఎమ్ ఫోల్డర్‌లో కనిపించకపోతే పోయాయనుకోవద్దు. అవి 'ప్రైవేట్' ఫోల్డర్‌లో ఏవీసీహెచ్‌డీ, బీడీఎమ్‌వీ, స్ట్రీమ్ వరసలో లోపలికి వెళ్తే ఎంటీఎస్ ఫైళ్ళుగా ఉంటాయి. వీఎల్‌సీలో ఆడతాయి. పొడవైన వీడియో రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. వాటిని అతుకు కనపడకుండా కలపడానికి మాత్రం, దొరికితే, కెమెరాతో వచ్చిన సాఫ్ట్‌వేరే బాగా పనికొస్తుంది.