సైకిల్ తొక్కుతుండగా ఉన్నట్టుండి మోకాలు నొప్పి: కారణం పట్టుకునే తీరు, సరిచేసుకునే దారి

హనుమకొండ నుంచి ములుగు మీదుగా పాలంపేట రామప్ప గుడికి సైకిల్ మీద వెళ్లాలంటే ఒక వైపే సుమారు 70 కిలోమీటర్లు. ఆ దారిలో సగం దూరం పోయాక మోకాలు పట్టేసినట్టయితే, ఇంత దూరం వచ్చాం కదా, మిగిలింది కూడా తొక్కేద్దాం అనిపించడం సహజం. నేను అలాగే తొక్కి, ఆ తర్వాత మూడు వారాలు సైకిల్ ముట్టుకోలేకపోయాను. కింద పడకుండా, దెబ్బ తగలకుండా మొదలైన నొప్పికి కారణం చాలావరకు సీటు ఎత్తులోనో, వాడే గేరులోనో, ఈ మధ్య మనం మార్చిన మరొక విషయంలోనో ఉంటుంది. నొప్పి మోకాలికి ఏ పక్కన ఉందో గుర్తిస్తే ఆ కారణం దగ్గరికి సగం చేరినట్టే.

అందుకే నొప్పి మొదలైన వెంటనే ఒక చెట్టు నీడన ఆగి, కూర్చుని, నొప్పి ఉన్న చోటును ఒక్క వేలితో నొక్కి చూడాలి. తర్వాత తేలిక గేరులో పది నిమిషాలు మెల్లగా తొక్కి చూడవచ్చు. నొప్పి తగ్గితే అదే గేరులో ఇంటికి మళ్లాలి. పెరిగితే మాత్రం సైకిల్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని రావడమే మంచిది.

మోకాలి ముందు భాగంలో, చిప్ప చుట్టూ నొప్పి

సైకిల్ తొక్కేవారిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు కూడా నొప్పి తెలుస్తుంది. సీటు తక్కువ ఎత్తులో ఉంటే పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు అవసరానికి మించి మడుచుకుంటుంది, ఆ మడతలోనే మనం బలమంతా పెట్టి తొక్కుతాం కాబట్టి చిప్ప వెళ్లి తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. సీటు మరీ ముందుకు జరిగి ఉన్నా ఇదే జరుగుతుంది.

సీటు ఎత్తు నేనేమీ మార్చలేదు అనుకునేవారు కూడా ఒకసారి చూడాలి. నా సైకిల్‌లో జరిగింది అదే. గతుకుల రోడ్డు అదురుకు బిగింపు వదులై, సీటు కింది రాడ్డు కొద్దికొద్దిగా పైపులోకి దిగిపోయింది. దాదాపు రెండు సెంటీమీటర్లు దిగినా తొక్కేటప్పుడు నాకు తెలియలేదు. ఇంటికి వచ్చి రాడ్డును తుడిచి చూస్తే, దిగేటప్పుడు పడిన సన్నని నిలువు గీతలు మెరుస్తూ కనిపించాయి. అప్పటి నుంచి సరైన ఎత్తు దగ్గర రాడ్డు మీద నెయిల్ పాలిష్‌తో ఒక గీత పెట్టుకుని, బయలుదేరే ముందు చూసుకుంటున్నాను.

సీటు ఎత్తు సరిచూసుకోవడానికి రోజూ తొక్కే చెప్పులో బూట్లో వేసుకుని, గోడను పట్టుకుని సీటు మీద కూర్చోవాలి. పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి మడమను దాని మీద ఉంచితే, నడుము ఒక పక్కకు ఒరగకుండా కాలు నిటారుగా చాపుకోవాలి. ఆ తర్వాత పాదం ముందు భాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీల వరకు మడిచి ఉంటుంది, మనకు కావలసింది ఆ మడతే. కొలత కావాలనుకునేవారు కాళ్ల సందు నుంచి నేల వరకు ఉన్న ఎత్తును 0.883తో గుణించి, క్రాంక్ (పెడల్ బిగించి ఉండే కడ్డీ) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు అంత దూరం ఉంచవచ్చు. 80 సెంటీమీటర్లు ఉన్నవారికి అది సుమారు 70.6 సెంటీమీటర్లు అవుతుంది. అయితే ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క మాత్రమే, చివరికి కాలికి ఎలా ఉందన్నదే లెక్క. ఒకేసారి 5 మిల్లీమీటర్లకు మించి మార్చకుండా, రెండు మూడు రోజులు తొక్కి చూశాకే మళ్లీ మార్చాలి.

సీటు సరిగ్గానే ఉంటే గేరును అనుమానించాలి. ఎదురుగాలిలోనో ఎత్తు మీదనో బరువైన గేరులో నెమ్మదిగా తొక్కితే ప్రతి తొక్కుడు భారమూ మోకాలి మీదే పడుతుంది. కుడి మోకాలు 30 సెకన్లలో ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టండి. చదును రోడ్డు మీద 40 నుంచి 45 సార్లు రావాలి. 30కి తక్కువ ఉంటే గేరు దించాల్సిందే.

మోకాలి వెనుక నొప్పి

ఇందులో కారణం తలకిందులుగా ఉంటుంది. సీటు మరీ ఎత్తులో ఉన్నందువల్ల పెడల్‌ను అందుకోవడానికి కాలి వేళ్లు కిందికి చాచాల్సి వస్తుంది, తొడ వెనుక కండరాలు లాగేస్తాయి. వెనుక నుంచి చూసేవారికి మన నడుము అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపిస్తుంది. సీటును కొద్దికొద్దిగా దించితే సరిపోతుంది. ఒక్క కాలి పిక్క వాచి, వేడిగా ఉండి నొప్పి పుడుతుంటే మాత్రం అది సైకిల్ సమస్య అనుకోకూడదు. రక్తం గడ్డకట్టినప్పుడు కూడా అలాగే ఉంటుంది కాబట్టి అదే రోజు డాక్టరును కలవాలి.

లోపలి పక్క, బయటి పక్క

బయటి పక్క మండినట్టుండే నొప్పి, తుంటి నుంచి మోకాలి కింది వరకు దిగే పట్టీలాంటి కణజాలం ఒరుసుకోవడం వల్ల వస్తుంది. పాదం ముందు భాగం లోపలికి తిరిగి ఉన్నా, సీటు ఎత్తు ఎక్కువైనా ఇది మొదలవుతుంది. లోపలి పక్క నొప్పికి తరచుగా కనిపించే కారణం వేళ్లు బాగా బయటికి తిరిగి ఉండడం. మామూలు పెడల్ మీద తొక్కేవారు పాదాన్ని తమ నడకలో ఉండే కోణంలోనే పెట్టుకుంటే చాలు. క్లీట్లు (బూటు అడుగున ఉండి పెడల్‌కు పట్టుకునే బిళ్లలు) వాడేవారు వాటిని ఆ కోణానికి తగ్గట్టు తిప్పి బిగించుకోవాలి. సైకిల్ ఈ మధ్య పడి ఉంటే పెడల్‌ను చేత్తో తిప్పి చూడండి. దాని ఇరుసు వంగితే ప్రతి చుట్టులోనూ పాదం పక్కకు ఊగుతుంది, అలాంటి పెడల్‌ను మార్చక తప్పదు.

సైకిల్‌లో తప్పేమీ దొరకనప్పుడు

వారానికి నలభై కిలోమీటర్లు తొక్కేవారు ఒక్క ఆదివారమే నూట నలభై తొక్కితే, కొలతలన్నీ సరిగ్గా ఉన్నా మోకాలు తట్టుకోదు. దూరాన్ని వారాల తరబడి మెల్లగా పెంచుకోవాలి.

నొప్పి తగ్గడానికి ఐస్‌ను తువ్వాలులో చుట్టి 15 నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడు సార్లు పెట్టవచ్చు. మెడికల్ షాపులో నొప్పి మాత్ర కొని వేసుకుని మళ్లీ సైకిల్ ఎక్కడం మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను. మాత్ర నొప్పిని కప్పేస్తుంది, లోపలి దెబ్బ పెరుగుతూనే ఉంటుంది. పైగా మన ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో ఆ రకం మాత్రలు కిడ్నీలకు హాని చేయగలవు.

కొన్ని గంటల్లోనే మోకాలు వాచినా, మడత విడిపోకుండా ఇరుక్కుపోయినా, కాలు నేల మీద ఆనకపోయినా, ఎర్రబడి జ్వరం వచ్చినా సీటు కొలతలతో కాలం గడపకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మెట్లు దిగినా నొప్పి లేదని తేలాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. మొదటి రోజు కాజీపేట ఫాతిమానగర్ వంతెన లాంటి ఎత్తులు లేని దారిలో, తేలిక గేరులో, ఎనిమిది పది కిలోమీటర్లు తొక్కి మరుసటి రోజు పొద్దున మోకాలు ఎలా ఉందో చూడాలి. బిగుసుకుపోయినట్టు ఉంటే ఇంకో మూడు రోజులు ఆగి, అంతే దూరంతో మళ్లీ మొదలుపెట్టాలి.