వాద్యాల అంగడిలో ఇరుక్కున్న డబ్బు బయటికి తీయడం ఎలా

నెల్లూరులోనో ఒంగోలులోనో ఏళ్ల తరబడి నడిచిన వాద్యాల అంగడి మూతపడితే అందరూ ఆన్‌లైన్ అమ్మకాలను తిడతారు. కొంత నిజమే. అయితే గిరాకీ ఉన్న అంగళ్లు కూడా అప్పుతో కూలతాయి. గిటార్లు తయారుచేసే అమెరికా కంపెనీ గిబ్సన్ 2018 మేలో దివాలా పిటిషన్ వేసింది. 2014లో ఫిలిప్స్ ఆడియో వ్యాపారం కొని తెచ్చుకున్న భారమే అందుకు పెద్ద కారణం, గిటార్లు అమ్ముడుపోక కాదు.

ముందు సరుకు చిట్టా రాయండి. ప్రతి వస్తువుకూ కొన్న తేదీ, కొన్న ధర ఉండాలి. 18,000 పెట్టి తెచ్చిన కీబోర్డు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 360. దాని మీద మీ లాభం 15 శాతం, అంటే 2,700. ఏడున్నర నెలలు అరలో కూర్చుంటే లాభమంతా వడ్డీకే పోయింది. అందుకే ఆరు నెలలు దాటిన కీబోర్డును కొన్న ధరకైనా వదిలించుకోవాలి. కొత్త మోడల్ వస్తే ఆ ధర కూడా రాదు. చర్చిలు కొనే క్రిస్మస్ ముందే ఆ పని చేయాలి, తర్వాత అడిగేవాళ్లుండరు.

తాళాలు, చిడతలు పాతబడవు. డోలక్, మృదంగాల సంగతి వేరు: రోహిణి కార్తె ఎండకు తోలు పగులుతుంది, తుపాన్ల తేమకు సడలుతుంది. ధనుర్మాసం భజనలకు కావలసినవి కార్తీకం చివర్లో తెప్పిస్తే చాలు. కోస్తా ఉప్పుగాలికి గిటారు తీగలు తుప్పు పడతాయి. ప్యాకెట్ విప్పకుండా, గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టండి.

అసలు ఆదాయం రిపేరు బల్ల దగ్గరుంది. సరుకు పెట్టుబడి దాదాపు అక్కర్లేదు. హార్మోనియంలో ఒక స్వరం పలకకపోతే ముందు రీడు (గాలికి కంపించి పలికే లోహపు రేకు) కింద దుమ్ము చూడండి, చాలాసార్లు అంతే. శ్రుతి తగ్గితే రీడు కొన దగ్గర, ఎక్కువైతే దాన్ని బిగించిన రివెట్టు దగ్గర సన్నగా గీరాలి. రెండు గీతలకోసారి వినాలి, ఎక్కువ గీరితే కొత్త రీడే గతి. మెట్లు నొక్కకుండానే బెలోస్ (గాలి తిత్తి) దానంతటదే దిగితే గాలి కారుతోంది. మడతల అతుకులు, మెట్ల కింది తోలు పరీక్షించండి.

అరువు అసలు రోగం. భజన మండలి కమిటీ మారితే పాత బాకీ ఎవరిదీ కాదు. సగం అడ్వాన్సు తీసుకోండి, బిల్లు కమిటీ పేరున కాక బాధ్యత తీసుకునే మనిషి పేరున రాసి సంతకం పెట్టించండి.

పన్ను లెక్కలు కలపకండి: గిటారు, కీబోర్డులకు 18 శాతం జీఎస్టీ, ప్రభుత్వ జాబితాలోని చేతితో చేసిన దేశీ వాద్యాలకు పన్ను లేదు. పన్ను లేని వాటి మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లలో కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) కూడా రాదు.

అంగళ్లకు అరువు మీద వాద్యాలిచ్చే చిన్న తయారీదారులు ఉద్యం (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే గుర్తింపు) నమోదు చేయించుకోవాలి. చిన్న సంస్థల కోసం తెచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో అంగడివాడు డబ్బు కట్టాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగొచ్చు. దానికి బిల్లుతో పాటు సరుకు అందినట్టు తేదీ వేసిన సంతకం ఉండాలి, లేకపోతే ఈ బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు నిలబెట్టడం కష్టం.