కిరణాల దెబ్బ కాచే మందులు – 4వ పాఠం: డీఆర్ఎఫ్ లెక్క

పోయిన పాఠంలో ఎల్‌డీ 50/30 చూశాం: 30 రోజుల్లో సగం చుంచెలుకలు చనిపోయేంత రేడియేషన్ డోసు. అది రాకుంటే ఇవాళ్టిది తలకెక్కదు, వెనక్కి వెళ్లి చదివి రండి.

ముందు కత్తిపీట తీయండి. యాపిల్ కోసి ఒక ముక్కకు వెంటనే నకిరేకల్ నిమ్మకాయ రసం రుద్దండి, రెండోదానికి గంట ఆగి రుద్దండి. మొదటిది తెల్లగా నిలుస్తుంది. రెండోది అప్పటికే ఎర్రబడి ఉంటుంది, ఎంత రుద్దినా పెద్దగా మారదు. యాపిల్‌లో జరిగేది ఎంజైమ్ పని, రేడియేషన్‌కు సంబంధం లేదు. ‘ముందే’ అన్న మాట బుర్రలో నాటుకోవాలనే ఈ తతంగమంతా.

కిరణాలు ఒంట్లోని నీటి అణువులను విరగ్గొడితే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన ముక్కలు పుడతాయి. అవి రెప్పపాటు కూడా ఆగవు, డీఎన్ఏ మీద పడతాయి. గంధకమున్న థయోల్ ఆ సమయానికి పక్కనే ఉంటే దెబ్బ తాను తింటుంది. 1949లో హార్వే ప్యాట్ బృందం ఎక్స్‌రేలకు ముందు సిస్టీన్ (ఇదీ ఒక థయోలే) ఇచ్చి ఎలుకలను కాపాడింది. తర్వాత ఇస్తే పనిచేయలేదు.

ఎంత కాపాడింది? డోస్ రిడక్షన్ ఫ్యాక్టర్, అంటే డీఆర్ఎఫ్, చెప్పేది అదే. మందిచ్చినప్పటి ఎల్‌డీని మందివ్వనప్పటి ఎల్‌డీతో భాగించాలి. లెక్క కోసం 10.5 గ్రే, 7 గ్రే అనుకుందాం (గ్రే అంటే రేడియేషన్ డోసును కొలిచే యూనిట్). 1.5 వస్తుంది. అంటే అదే నష్టం జరగడానికి ఒకటిన్నర రెట్లు డోసు పట్టింది.

నల్లగొండలో నా డిగ్రీ పిల్లలు ఏటా ఒకటే తప్పు చేస్తారు: “మందిస్తే 90 శాతం బతికాయి, ఇవ్వకపోతే 30. కాబట్టి 3 కదా సార్!” కాదు. డోసు మారిస్తే ఆ శాతాలూ మారతాయి. మందు లేనివి ఒక్కటీ బతకని డోసు దగ్గర సున్నాతో భాగిస్తారా?

అమెరికా సైన్యం వాల్టర్ రీడ్ సంస్థలో వేల రసాయనాలు పరీక్షించి తేల్చిన అమిఫోస్టిన్ అనే మందుకు చుంచెలుకల మూలుగ విషయంలో డీఆర్ఎఫ్ 2.7 దాకా వచ్చింది. మురిసిపోకండి. మనుషులకిస్తే వాంతులు, బీపీ పడిపోవడం మామూలే. పైగా నిమిషాల్లోనే రక్తంలోంచి దిగిపోతుంది. మా నల్లగొండ జిల్లా పెద్దగట్టు, లంబాపూర్‌లలో యురేనియం తవ్వకాల ముచ్చట వచ్చినప్పుడల్లా “ఆ మందు మింగితే సరిపోదా?” అని ఎవరో ఒకరు అడుగుతారు. ఏళ్ల తరబడి దుమ్ము, నీళ్ల ద్వారా వచ్చే దానికి ఇది విరుగుడు కాదు.

ఈ వారం లెక్క: మందివ్వకుండా 6.5, ఇచ్చాక 9.1 గ్రే. కాగితం మీద చేయండి. 1 కన్నా తక్కువ వస్తే కిందిది పైన వేశారన్నమాట.