కార్పెట్ క్లీనర్ మనమే బాగుచేసుకుందాం – 3వ పాఠం: నీళ్ళు చిమ్ముతోంది కానీ లాగట్లేదు

కిందటి పాఠంలో నీళ్ళు అసలు చిమ్మకపోతే ఏం చూడాలో చెప్పుకున్నాం కదా, ఇవాళ దానికి ఉల్టా. కార్పెట్ క్లీనర్ అంటే కార్పెట్ మీద నీళ్ళు చిమ్మి, మురికితో సహా తిరిగి లాక్కునే మిషన్, అది నీళ్ళు బాగానే చిమ్ముతుంది కానీ తిరిగి లాక్కోదు, కార్పెట్ తడితడిగా అలాగే ఉండిపోయి రెండ్రోజులకి ముక్కవాసన మొదలవుతుంది. చాలామంది ఇక్కడే మోటర్ పోయిందనుకుని మిషన్ మూలన పడేస్తారు. నేను కూడా మొదటిసారి అలాగే అనుకుని స్క్రూలన్నీ విప్పి మోటర్ దాకా వెళ్ళాను, తీరా చూస్తే తప్పు దాంట్లో లేదు, మిషన్ ముందు భాగంలో నీళ్ళు లాగే మూతి దగ్గర ఇరుక్కున్న వెంట్రుకల ముద్దలో ఉంది. అందుకే చెప్తున్నా, స్క్రూడ్రైవర్ కంటే ముందు చెవికి పని చెప్పండి.

మిషన్ ఆన్ చేసి వినండి. సౌండ్ మామూలుకన్నా సన్నగా, కీచుగా పెరిగిందంటే గాలి దారి ఎక్కడో మూసుకుపోయిందని. గాలి రాకపోతే మోటర్ మీద లోడ్ తగ్గి ఇంకా స్పీడుగా తిరుగుతుంది, ఆ కీచుదనం దానిదే. సౌండ్ ఎప్పటిలాగే ఉండి మూతి దగ్గర మాత్రం లాగుడు లేకపోతే గాలి మధ్యలో ఎక్కడో లీకవుతోందని. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు, నీళ్ళతో పని ఇది.

కీచుగా ఉంటే మురికినీళ్ళ ట్యాంక్ తీసి ఫ్లోట్ చూడండి, అంటే ట్యాంక్ నిండగానే పైకి తేలి గాలిదారిని మూసేసే చిన్న ప్లాస్టిక్ ముక్క. దానికి జిడ్డు పట్టి పైనే అతుక్కుపోతే ట్యాంక్ ఖాళీగా ఉన్నా నిండిందనే లెక్క, కడిగి వేలితో పైకీ కిందకీ కదిపితే లూజుగా ఆడాలి. మామూలు బట్టల సబ్బు వేసినా ఇదే గొడవ, నురగే ఫ్లోట్‌ని లేపేస్తుంది, పైగా మోటర్‌లోకి కూడా పోతుంది, కాబట్టి దయచేసి ఆ మిషన్‌కి చెప్పిన షాంపూనే వాడండి. ఫ్లోట్ బాగుంటే మూతి కవర్ ఊడదీసి వెలుతురుకి ఎత్తి చూడండి, వెంట్రుకలు దారాలు కలిసి నల్లటి ముద్దలా అడ్డంగా కనిపిస్తుంది, పాత టూత్‌బ్రష్‌తో గీకి గోరువెచ్చని నీళ్ళతో కడగండి. మరిగే నీళ్ళు మాత్రం వద్దు, ప్లాస్టిక్ వంకర పోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా సరిగ్గా కూర్చోదు.

సౌండ్ మామూలుగా ఉంటే రబ్బర్ సీల్స్, అంటే మూత అంచున గాలి పోకుండా ఉండే రబ్బర్ పట్టీలు, చూడాలి. సన్నటి కాగితం ముక్కని సీల్ మీద పెట్టి మూత బిగించి మెల్లగా లాగండి, బిర్రుగా ఉంటే సీల్ బాగున్నట్టు, జారి వచ్చేస్తే ఆ చోటే గాలి పోతోందని, ఇలా చుట్టూ నాలుగైదు చోట్ల చూడండి. ఒక్కోసారి రబ్బర్ గాడిలోంచి బయటికొచ్చి ఉంటుంది అంతే, తుడిచి మళ్ళీ లోపలికి నొక్కితే సరిపోతుంది, గట్టిపడి పగుళ్ళిస్తే మార్చాల్సిందే. మూతి ప్లాస్టిక్‌కి వెంట్రుకవాసి బీట ఉన్నా ఇలాగే అవుతుంది, అనుమానం ఉంటే ఆ చోట టేప్ వేసి చూడండి, లాగుడు పెరిగిందంటే దొంగ దొరికినట్టే.

అన్నీ ఆరాక బిగించి, కార్పెట్ మీద ఒక గ్లాసు నీళ్ళు పోసి లాగి చూడండి, మూతి కవర్ లోపల నీళ్ళు చారలుచారలుగా పైకి పరిగెత్తాలి. వచ్చే పాఠంలో బ్రష్ తిరక్కపోతే బెల్ట్ ఎలా మార్చాలో చూద్దాం.